32 మీటలకు 12 తీగలేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదవగానే నా పాత పిచ్చి మళ్లీ నిద్ర లేచింది. అందుకే చోటు చాలావరకు దానికే పోయింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పుడు ఆడుకున్న బొమ్మ కీబోర్డు అటక మీద దొరికింది. 32 మీటలు. బ్యాటరీలు వేస్తే ఇప్పటికీ పలుకుతోంది. దీన్ని అనలాగ్ సింథసైజర్‌గా, అంటే డిజిటల్ చిప్‌తో కాకుండా మారే వోల్టేజీలతో శబ్దం పుట్టించే వాయిద్యంగా, మార్చాలని నా కోరిక. సాల్డరింగ్ వచ్చు, రేడియో కిట్ ఒకటి బిగించాను. కానీ మూత తీసి చూస్తే మీటల బోర్డు నుంచి మెయిన్ బోర్డుకు 12 తీగలే వెళ్తున్నాయి. మిగతా 20 తెగిపోయాయా? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఏదీ తెగలేదండీ, కంగారు పడకండి. అడ్డంగా 4 గీతలు, నిలువుగా 8 గీతలు గీసి చూడండి. అవి కలిసే చోట్లు 32. ఒక్కో కూడలిలో ఒక్కో మీట ఉంటుంది. చిప్ అడ్డగీతలను వంతులవారీగా పలకరిస్తూ, జవాబు ఏ నిలువుగీత నుంచి వచ్చిందో చూసి మీరు నొక్కిన మీటను పోల్చుకుంటుంది. 4 ప్లస్ 8, మొత్తం 12. లెక్క సరిపోయింది కదా. ఇదే మీకు తర్వాత తలనొప్పి తెస్తుంది, దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

ముందు ఒక మాట. ఆ చిప్‌ని ఇప్పుడే పీకేయకండి. నేను చేసిన తప్పు అదే. నా మొదటి బొమ్మ కీబోర్డు చేతికి రాగానే, "ఇది డిజిటల్ గదా, మనకెందుకు" అని మెయిన్ బోర్డు తీసి పక్కన పడేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు నా దగ్గర ఉన్నది పలకని మీటలు, ఖాళీ డబ్బా. కొత్త ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్) పనిచేస్తోందో లేదో, తప్పు ఫిల్టర్‌దో ఆంప్లిఫయర్‌దో తేల్చుకోవడానికి చేతిలో ఒక్క నమ్మకమైన శబ్దం కూడా లేకపోయింది. మీ కీబోర్డు ఇంకా పలుకుతోంది, ఆ గొంతు మీకు పనికొస్తుంది.

కాబట్టి తోక నుంచి, అంటే శబ్దం బయటికి వచ్చే కొస నుంచి, మొదలుపెట్టండి. మీ బొమ్మ గొంతు చాలావరకు చదరపు తరంగం అయి ఉంటుంది, అంటే పైకి-కిందికి తప్ప మధ్యలో మెట్టు లేని శబ్దం. అందులో బేసి హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి 3, 5, 7 రెట్ల దగ్గర పలికే పై స్వరాలు, దండిగా ఉంటాయి. అందుకే జలుబు చేసిన క్లారినెట్‌లా వినిపిస్తుంది. ఫిల్టర్‌కు కావలసిన మేత కూడా అదే, తీసేయడానికి ఏదైనా ఉంటేనే గదా తీసేసేది.

వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు నుంచి ఒక తీగ, గ్రౌండ్ నుంచి ఒక తీగ బయటికి తీసుకోండి. మధ్య కాలు తీగకు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత 1 కిలో ఓమ్ రెసిస్టర్, దానికి వరసగా 100 కిలో ఓమ్ పాట్ (తిప్పితే నిరోధం మారే రెసిస్టర్), ఆ చివర నుంచి గ్రౌండ్‌కు 10 నానోఫారడ్ కెపాసిటర్ కలపండి. ఆ కెపాసిటర్ మీద 103 అని ఉంటుంది. పాట్ ఈ కొసన ఉంటే ఫిల్టర్ సుమారు 16,000 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది (అంతకు పై శబ్దాలను తగ్గిస్తుంది), ఆ కొసన ఉంటే సుమారు 160 హెర్ట్జ్ దగ్గర. శబ్దాన్ని పాట్, కెపాసిటర్ కలిసే చోటు నుంచి తీసి ఆప్-ఆంప్ బఫర్ (కరెంటు లాగకుండా సిగ్నల్‌ని అలాగే ముందుకు పంపే చిన్న సర్క్యూట్) గుండా పంపండి. బఫర్ లేకపోతే తర్వాతి ఆంప్లిఫయర్ ఫిల్టర్‌ని పీల్చేస్తుంది. మొదటిసారి ఆ పాట్ తిప్పుతూ ఒక మీట నొక్కి పట్టుకోండి. బొమ్మ గొంతు మూసిన నోటిలోంచి తెరిచిన నోటికి మారినట్టు ఉంటుంది. నేనైతే ఆ రోజు భోజనం మర్చిపోయాను.

ఇది మెత్తని ఫిల్టర్, ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ రెట్టింపయ్యే ప్రతి స్థాయికీ) 6 డెసిబెళ్లే తగ్గిస్తుంది. రెండు వరసగా పెడితే 12. రాబర్ట్ మూగ్ ట్రాన్సిస్టర్లను నిచ్చెనలా పేర్చి చేసిన ఫిల్టర్ 24 కోస్తుంది. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఉన్నది ఆ నిచ్చెనే. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

పాట్‌ను చేత్తో తిప్పకుండా దానంతట అదే తిరగాలంటే దాని బదులు ఎల్‌డీఆర్ (వెలుగు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్) పెట్టి, ఎదురుగా ఒక ఎల్‌ఈడీని అతికించండి. మీట నొక్కగానే ఎల్‌ఈడీ వెలిగి మెల్లగా ఆరితే, శబ్దం కూడా మెరిసి మూసుకుపోతుంది. ఆ మెల్లగా ఆరడానికి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 కిలో ఓమ్ రెసిస్టర్ చాలు. ఆ జత ఒక సెకను లెక్కకు వస్తుంది. కాకపోతే కెపాసిటర్‌కూ ఎల్‌ఈడీకీ మధ్య ఒక ట్రాన్సిస్టర్ ఉండాలి, నేరుగా కలిపితే ఎల్‌ఈడీ కెపాసిటర్‌ని క్షణంలో ఖాళీ చేస్తుంది. ఇక్కడ నా పరువు తీసిన సంగతి ఒకటి. నేను పెట్టిన ఎల్‌డీఆర్ బాగానే పనిచేసేది, కానీ ఏమైందో చూద్దామని బోర్డు మీదికి వంగినప్పుడల్లా శబ్దం మందగించేది. వెనక్కి జరిగితే మళ్లీ బాగయ్యేది. లూజ్ సాల్డర్ అనుకుని రెండు సాయంత్రాలు ప్రతి అతుకూ మళ్లీ కరిగించాను. చివరికి తేలింది, ఎల్‌డీఆర్ మీద నా తల నీడ పడుతోంది. నల్ల టేపు రెండు చుట్లు చుడితే సరిపోయింది.

తర్వాత క్లాక్, అంటే చిప్ వేగాన్నీ దాంతోపాటు శ్రుతినీ నడిపే భాగం. చిప్ పక్కన మూడు కాళ్ల రెసొనేటరో, క్రిస్టలో కనిపిస్తే దీన్ని వదిలేయండి. ఒంటరిగా ఒక రెసిస్టర్, చిన్న కెపాసిటర్ ఉంటే అదృష్టం. బ్యాటరీ మీద నడుస్తుండగా, అడాప్టర్ మీద కాదు సుమా, ఒక మీట నొక్కి పట్టుకుని ఆ రెసిస్టర్ రెండు చివరలూ తడి వేలితో ముట్టుకోండి. శ్రుతి పైకి పోతే దొంగ దొరికినట్టే. అది 100 కిలో ఓమ్ అయితే దాని బదులు 47 కిలో ఓమ్ రెసిస్టర్‌కు వరసగా 100 కిలో ఓమ్ పాట్ పెట్టండి. ఆ 47 లేకపోతే పాట్ సున్నాకు వచ్చినప్పుడు చిప్ బిగుసుకుపోతుంది. ఇలా బొమ్మల సర్క్యూట్లను వంచడానికి సర్క్యూట్ బెండింగ్ అని పేరు పెట్టింది రీడ్ ఘజాలా అనే అమెరికన్. 1960లలో ఆయన డెస్కు సొరుగులో మూత లేని ఒక చిన్న ఆంప్లిఫయర్ లోహానికి తగిలి షార్టయి వింత కూతలు పెట్టిందట, కథ అక్కడ మొదలైంది.

ఇవి రెండూ అయ్యాకే సొంత ఆసిలేటర్. ఇక్కడ ఆ 12 తీగల తలనొప్పి వస్తుంది. అనలాగ్ ఆసిలేటర్‌కు "ఏ మీట" అని చెప్పడానికి వోల్టేజీ కావాలి, ఆ అడ్డం-నిలువు గీతల అల్లిక (మాట్రిక్స్) అది ఇవ్వదు. మీటల బోర్డు వెనక ప్రతి మీటకూ ఒక చిన్న డయోడ్ ఉందేమో చూడండి. ఉంటే 32 డయోడ్లనూ తీసేస్తే ప్రతి మీటకూ ఒక చివర స్వతంత్రంగా మిగులుతుంది. రెండో చివరల గీతలన్నీ కలిపి ఒకే తీగ చేయండి. డయోడ్లు లేకపోతే బ్లేడుతో ట్రాక్ కోయాల్సిందే, ఒక ఆదివారం దానికి రాసిచ్చేయండి. ఆ స్వతంత్ర చివరల మధ్య 100 ఓమ్ రెసిస్టర్లు 31 వరసగా బిగించండి, ఒక శాతం తేడా ఉన్నవే. ఈ గొలుసులో 0.833 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు పారిస్తే ఒక్కో రెసిస్టర్ దగ్గర 83.3 మిల్లీవోల్టులు వస్తాయి. పన్నెండు మీటలకు సరిగ్గా ఒక వోల్టు. ఆక్టేవ్‌కు ఒక వోల్టు అనే కొలత ఇదే.

స్థిర వోల్టేజీ కాకుండా స్థిర కరెంటు ఎందుకంటే, రెండు మీటలు ఒకేసారి నొక్కినా కింది మీట వోల్టేజీ చెదరదు, అదే పలుకుతుంది. పుస్తకంలో అయితే. నేను సా, గా కలిపి నొక్కితే రీ పలికింది! అరగంట తల గోక్కున్నాను. బొమ్మ మీటల కింద ఉండేది లోహం కాదు, కార్బన్ రబ్బరు. దాని సొంత నిరోధం వందల ఓముల నుంచి వేల దాకా ఉంటుంది. అందుకే రెండు మీటలు షార్ట్ కావు, వాటి సగటు వోల్టేజీ బయటికి వస్తుంది. సా, గాల సగటు రీ. ఒక్క మీటే నొక్కితే మాత్రం ఈ రబ్బరు నిరోధం వల్ల ఏ ఇబ్బందీ లేదు, చివర ఆప్-ఆంప్ బఫర్ కరెంటు లాగదు గనక. నేను దాన్ని బాగుచేయలేదు, రెండు వేళ్లతో వచ్చే ఆ దొంగ స్వరం నాకు నచ్చింది.

ప్రశ్న: నేను చేసిన సింథ్ పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి తప్పుతోంది. కింది స్వరాలు బాగానే ఉంటాయి, పై స్వరాలు దిగిపోతాయి. పార్టులు నాసిరకమా?

జవాబు: పార్టుల్ని తిట్టకండి, అది ట్రాన్సిస్టర్ స్వభావం. మీటలు సమానమైన మెట్లు ఇస్తాయి, చెవికి మాత్రం 220, 440, 880 అని రెట్టింపులు కావాలి. ఆ మార్పిడి చేసే ట్రాన్సిస్టర్‌లో, మామూలు గది వేడిలో, 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. వేడి పెరిగితే ఆ 18 కూడా పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.33 శాతం. పది డిగ్రీలు పెరిగితే మూడు ఆక్టేవ్‌ల పైన ఉన్న స్వరం ఒక సెమీటోన్ (పక్క మీటంత తేడా) పైగా దిగుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. ఒకే ప్యాకేజీలో ఉన్న ట్రాన్సిస్టర్ జత వాడి, దాని నెత్తిన తాకేలా డిగ్రీకి 3300 పీపీఎం (అంటే 0.33 శాతం) చొప్పున నిరోధం పెరిగే టెంప్‌కో రెసిస్టర్ అతికించండి. అంత ఓపిక లేకపోతే ఆన్ చేసి అరగంట ఆగి శ్రుతి చేయండి. నేనూ అదే చేస్తాను.

ప్రశ్న: పాత కీబోర్డులో నాలుగు మీటలు పలకడం లేదు. ఎమెరీ పేపరుతో రుద్దవచ్చా?

జవాబు: వద్దు! నేను రుద్దాను, కార్బన్ పొర లేచిపోయి మూడు మీటలు శాశ్వతంగా మూగబోయాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడవండి. అప్పటికీ పలకకపోతే రబ్బరు మీద మెత్తని పెన్సిల్‌తో గీయండి, కొన్నాళ్లు పనిచేస్తుంది.

ప్రశ్న: ఇంట్లో గొడవ లేకుండా హెడ్‌ఫోన్స్‌తో ప్రయోగాలు చేయవచ్చా?

జవాబు: సర్క్యూట్ విప్పి ఉన్నంతసేపు చెవులకు పెట్టుకోకండి. ఒక తప్పు అతుకు చాలు, పూర్తి వాల్యూమ్‌లో కీచుమంటుంది. చిన్న స్పీకర్ మీద ఒక గుడ్డ కప్పి వినండి.