21 ఏళ్లకే జుట్టు నాటించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ ఆఖరి సంవత్సరం, వయసు 21. రెండేళ్లుగా నుదురు రెండు పక్కలా వెనక్కి పోతోంది. మా నాన్నకి ముప్ఫై ఐదుకే బట్టతల. విజయవాడలో ఒక క్లినిక్‌లో అడిగితే 2500 గ్రాఫ్టులు (నాటే కుదుళ్లు) పడతాయి, ఈ నెల్లోనే కడితే డిస్కౌంట్ అన్నారు. అమ్మేమో వద్దంటోంది. అసలు ఏ వయసులో చేయించుకోవాలి?

జవాబు: మీ అమ్మగారు చెప్పిందే కరెక్ట్ బాబూ. 18 నిండితే మీ సంతకం చెల్లుతుంది, అంతవరకే. చాలామంది సర్జన్లు పాతికేళ్లు దాటేదాకా ఆగమనేది మీ బట్టతల ఎక్కడిదాకా పోతుందో ఈ వయసులో ఎవరికీ తెలియదు కాబట్టి. బట్టతల తెచ్చే డీహెచ్‌టీ హార్మోన్ ప్రభావం తల వెనక భాగం జుట్టు మీద తక్కువ, అందుకే అక్కడి కుదుళ్లు తీసి ముందు నాటుతారు. అది నారుమడి లాంటిదే కానీ ఒక్కసారి పీకిన చోట మళ్లీ మొలవదు. ఇప్పుడే 2500 ముందు వరసకి వాడేస్తే, రేపు నడినెత్తి ఖాళీ అయినప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇరవయ్యో ఏట ఎక్కడో చేయించుకున్న ఒక కుర్రాడు ఆరేళ్ల తర్వాత నా దగ్గరికొచ్చాడు. మండుటెండలో వచ్చి ఫ్యాను కింద కూర్చుని కూడా టోపీ తీయలేదు. చివరికి తీస్తే, నుదుటి మీద రెండు వేళ్ల వెడల్పున దట్టమైన పట్టీ, దాని వెనకంతా నున్నగా. నాటినవి నిలిచాయి, సొంత జుట్టు రాలిపోయింది. ఆ అబ్బాయికి వెనక ఇక తీయడానికి పెద్దగా మిగల్లేదు, నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరు ముందు చర్మవైద్యుల దగ్గర డెర్మోస్కోప్‌తో (కుదుళ్లను పెద్దగా చూపే భూతద్దం లాంటిది) వెనక జుట్టు కూడా సన్నబడుతోందేమో చూపించుకోండి, అలా ఉంటే ఏ వయసులోనైనా ఆపరేషన్ సాధారణంగా వద్దనే అంటాం. తలకి రాసుకునే మినాక్సిడిల్ 5 శాతం, ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. మాత్ర డాక్టర్ సలహాతో ఏడాది వాడి చూడాలి. మొదటి వారాల్లో మినాక్సిడిల్‌తో ఇంకాస్త రాలొచ్చు, టెన్షన్ పడకండి. ఫినాస్టెరైడ్ మాత్రం మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవద్దు, కొద్దిమందికి లైంగిక ఇబ్బందులు, దిగులు వస్తాయి. మందు ఆపేస్తే దానివల్ల నిలిచిన సొంత జుట్టూ పోతుంది, ఆపరేషన్ తర్వాత కూడా చాలామంది వాడుతూనే ఉండాలి.

నెలకోసారి ఒకే లైటు కింద ఫోటో తీసిపెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నాన్నగారి పెళ్లి ఆల్బమ్ కూడా పట్టుకెళ్లండి, ఆ వయసుకి ఆయన నుదురు ఎక్కడుందో చూస్తే చాలా తెలుస్తుంది.