చలి వెళ్లే రోజుల్లో పిచ్ పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

విశాఖ, చుట్టుపక్కల మైదానాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఈ కాలానికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: చలికాలం చివర పిచ్‌కి ఏం చేయాలో వెతికితే ఇంగ్లండ్ పద్ధతులే దొరుకుతున్నాయి. రై గడ్డి విత్తనం చల్లమంటున్నారు. మాది గరిక పిచ్. పైగా 2024లో ఇక్కడి ఏసీఏ-వీడీసీఏ క్రికెట్ స్టేడియంలో ఇంగ్లండ్‌తో టెస్టు ఫిబ్రవరి 2నే మొదలైంది. పెద్ద మ్యాచ్‌కే ఆ నెలలో పిచ్ సిద్ధంగా ఉంటే మేం ఆట ఆపి మరమ్మతు చేయడం అవసరమా?
— క్లబ్ కార్యదర్శి, మధురవాడ

జవాబు: అవసరమేనండీ. పెద్ద స్టేడియంలో మధ్య చదరంలో చాలా పిచ్‌లు ఉంటాయి. ఒకదాని మీద ఆడుతుంటే మిగతావి కోలుకుంటాయి. మీకున్నది ఒకటో రెండో.

రై గడ్డి చలి నేలల గడ్డి, మన ఎండలు ముదిరితే నిలవదు. గరిక దానికి పూర్తిగా వేరు. వేడికి పెరుగుతుంది, చలికి మందగిస్తుంది. విశాఖలో చలి అంత గట్టిగా ఉండదు కాబట్టి పూర్తిగా నిద్రపోదు, పెరుగుదల మాత్రం బాగా తగ్గుతుంది. రథసప్తమికి పనిముట్లు సిద్ధం చేసుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ రెండింటి మధ్యే మీ పని మొదలవ్వాలి. కోసిన మూడో రోజుకే కొత్త ఆకు కొనలు తేలితే గడ్డి మేలుకున్నట్టు. అంతకు ముందు గీకితే తిరిగి మొలిచే సత్తువ ఉండదు, పిచ్ బట్టతలలా మిగులుతుంది.

మొదట చేయాల్సింది పీచు తీయడం. స్టంప్స్ వెనక కత్తితో చిన్న ముక్క కోసి చూడండి. పచ్చని ఆకుకీ మట్టికీ మధ్య గోధుమరంగు పీచు పొర 5 మిల్లీమీటర్లు దాటితే రోలర్ బరువును అదే మింగేస్తుంది, బంతి మందంగా వస్తుంది. రెండు రోజులు నీళ్లు ఆపి, గడ్డిని 10 మిల్లీమీటర్లకు కోసి, తీగల రేక్‌తో ముందు పొడవునా, తర్వాత ఐమూలగా గీకండి. ఊడిన పీచు ఊడ్చి, మళ్లీ కోసి, ఇంకోసారి గీకండి. మట్టిలోకి 2, 3 మిల్లీమీటర్లకు మించి పళ్లు దిగకూడదు.

ఆ తర్వాత యూరియా. క్రీజుల వెనక భాగం కూడా కలిపి ఒక పిచ్ సుమారు 70 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 5 గ్రాముల లెక్కన 350 గ్రాములు చాలు. 70 లీటర్ల నీటిలో కరిగించి, సాయంత్రం పూట జల్లు డబ్బాతో సమంగా పోసి, వెంటనే మంచినీళ్లతో ఆకు కడగండి. పొడి యూరియా చేత్తో చల్లితే గుప్పెళ్లు పడినచోటల్లా మాడుతుంది. పదిహేను రోజులకు ఇందులో సగం మోతాదు ఇవ్వండి. మూడు వారాల్లోపు మ్యాచ్ ఉంటే మాత్రం అసలు వద్దు, ఆకు మెత్తగా ఏపుగా లేచి పిచ్ నెమ్మదిస్తుంది.

ప్రశ్న: జనవరి మొదటి నుంచి రోజూ గంటసేపు టన్ను రోలర్ లాగుతున్నాం. చెయ్యి పెడితే రాయిలా ఉంది. బంతి మాత్రం లేవడం లేదు, గడ్డి కూడా పలచబడింది.
— గ్రౌండ్స్‌మన్, గాజువాక

జవాబు: శ్రమకు లోటు లేదు, తేమే కుదరలేదు. ఎండిన రేగడి మీద ఎంత బరువు లాగినా పైపైన నున్నబడుతుందే తప్ప లోపల గట్టిపడదు. బంతి లేవాలంటే పై 8, 10 సెంటీమీటర్లు ఒకే దిమ్మలా బిగియాలి. తడి మరీ ఎక్కువైనప్పుడు లాగితే ఇంకో తంటా: రోలర్ ముందు మట్టి ముడతలా తోసుకుపోతుంది, గడ్డి వేళ్లు తెగుతాయి. గడ్డి పెరుగుదల మందగించిన జనవరిలో రోజూ తొక్కితే వేళ్లకు గాలి అందదు. మీ గడ్డి పలచబడడానికి కారణం అదే. ముందు రెండు వారాలు రోలర్ పక్కన పెట్టండి.

తర్వాత నీళ్లు. 70 చదరపు మీటర్ల మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే 70 లీటర్లు. లోపలికి దిగాలంటే 20 మిల్లీమీటర్లు, అంటే 1,400 లీటర్లు కావాలి. ఒకేసారి గొట్టం వదిలేస్తే పక్కలకు పారిపోతుంది. సాయంత్రం, మర్నాడు ఉదయం, మళ్లీ సాయంత్రం, మూడు విడతలుగా పెట్టండి.

రెండో రోజు నుంచి పరీక్ష చేయండి. స్టంప్స్ వెనక 5 సెంటీమీటర్ల లోతు నుంచి కాస్త మట్టి తీసి, అరచేత్తో పలక మీద దారంలా పామండి. 3 మిల్లీమీటర్లకంటే సన్నగా పామినా తెగలేదంటే తడి ఎక్కువ, ఆగండి. దాదాపు 3 మిల్లీమీటర్ల దగ్గర చిట్లుతుంటే అదే అదను. దారమే రాకపోతే సమయం దాటిపోయింది, మళ్లీ తడపాలి. సముద్రపు గాలి తగిలే మైదానానికీ, కొండ చాటు మైదానానికీ ఈ అదను ఒకే రోజు రాదు. క్యాలెండర్ చూసి రోలర్ తీయకండి.

మొదటి రోజు 250, 300 కిలోల రోలర్‌తో అడ్డంగా, ఐమూలగా, చివర పొడవునా అరగంట. మర్నాడు 500 కిలోలు. మూడో రోజు టన్ను. వేగం ఎంతంటే ఈ చివర నుంచి ఆ చివరకు నిమిషం పట్టాలి. పరుగెత్తిస్తే బరువు దిగదు. ఎప్పుడూ పొడవునే లాగితే పిచ్ అంచులు గట్టుకడతాయి. వెనక్కి తిప్పే చోటు క్రీజు దాటాకే ఉండాలి, లోపల ఆపితే అక్కడ గుంట పడుతుంది. రోలర్‌కి మట్టి అంటుకున్న క్షణంలో ఆపేయండి. ఎండనిచ్చి, గడ్డి తేరుకున్నాక, పది రోజులకు ఇదంతా ఇంకోసారి.

లోపల బిగుసుకుంది, గాలి ఆడాలి అని ఇప్పుడు లోతుగా సూదులు గుచ్చించకండి. ఆ రంధ్రాలు పూడకముందే ఎండ వస్తుంది, పగుళ్లు సరిగ్గా వాటి వెంటే పారతాయి. ఆ పని వానలు తగ్గాక, చలి ముదరకముందు చేయించాలి.

ప్రశ్న: మా పిచ్ నల్లరేగడిది. దాత ఒకరు రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పంపిస్తామంటున్నారు. పైన పరిచి చదును చేయవచ్చా?
— క్రీడా ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: పరచకండి. నల్లరేగడి తడికి బాగా ఉబ్బి, ఎండకు బాగా కుంచించుకుంటుంది. ఎర్రమట్టి అంత కదలదు. ఒకదాని మీద ఒకటి వేస్తే ఎండినప్పుడు రెండూ అట్టల్లా విడిపోతాయి, మీడియం పేసర్ బంతి కూడా ఒకటి లేచి ఒకటి కాళ్ల దగ్గర జారుతుంది. ఒకసారి పడిన పొరను తీయాలంటే పిచ్ తవ్వడమే మార్గం.

పైన వేసేది అడుగున ఉన్న మట్టే అయి ఉండాలి. అనుమానముంటే రెండు మట్టుల్నీ గాజు సీసాల్లో మూడో వంతు చొప్పున వేసి, నీళ్లు నింపి, చిటికెడు డిటర్జెంట్ కలిపి బాగా కుదపండి. నిమిషంలో పేరుకునేది ఇసుక, రెండు గంటల్లో దాని మీద దిగేది ఒండ్రు, ఆ తర్వాత రోజుల తరబడి దిగేది బంకమట్టి. పిచ్ మట్టిలో బంక సగమైనా ఉండాలి.

భీమిలి అనగానే ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి. అది రక్షిత భూవారసత్వ స్థలం, తట్టెడు మట్టి కూడా తేకూడదు. తెచ్చినా అందులో ఇసుక పాలే ఎక్కువ, పిచ్‌కి బిగియదు.

సరైన మట్టి దొరికాక 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గీకడం పూర్తయిన పిచ్ మీద 3 మిల్లీమీటర్ల మందాన పరచండి. 70 చదరపు మీటర్లకు 0.2 ఘనపు మీటరు పడుతుంది. ఆకు కొనలు పైకి కనిపించాలి, మునిగితే చచ్చి మళ్లీ పీచు పొర అవుతుంది.

ప్రశ్న: తెల్లవారి పిచ్ మీద రూపాయి బిళ్లంత ఎండు మచ్చలు, వాటిపై సాలెగూడులాంటి తెల్లని నూలు. మందు కొట్టాలా?
— పెందుర్తి

జవాబు: ఇది డాలర్ స్పాట్ అనే శిలీంధ్ర తెగులు. ఆకు మీద మంచు గంటల తరబడి నిలవడం, నత్రజని తక్కువ కావడం రెండూ దీనికి బలం. పొద్దున్నే పొడవాటి తాడు ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి మంచు దులపండి, నీళ్లు ఉదయం పూటే పెట్టండి, పైన చెప్పిన యూరియా ఇవ్వండి. రాత్రి కప్పిన పట్టా తెల్లారగానే తీసేయాలి. చాలాసార్లు వీటితోనే తగ్గుతుంది.

ప్రశ్న: బౌలర్ల కాలు పడే చోట గుంటలు. సిమెంటు కలిపి పూడ్చమని ఒకరు, ఇసుక అని ఒకరు అంటున్నారు.
— అనకాపల్లి

జవాబు: రెండూ వద్దు. సిమెంటు అంచు దగ్గర మట్టి విడిపోయి బౌలర్ మడమ మడతపడుతుంది. ఇసుక ఒక్క ఓవరుకే చెదురుతుంది. వదులు మట్టి ఊడ్చి, అడుగును పలుగు మొనతో గీతలు గీసి తడపండి. గీతలు లేకపోతే కొత్త మట్టి బిళ్లలా ఊడొస్తుంది. పిచ్ మట్టినే ముద్దకు వచ్చేంత తడిపి, 2 సెంటీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టండి. ఆఖరి పొరలో రెండు మూడు కణుపులున్న గరిక కాడలు 5 సెంటీమీటర్ల దూరంలో, ఒక కణుపు మట్టిలో ఉండేలా నాటండి. వేళ్లు పట్టేదాకా రోజుకు రెండుసార్లు పలచగా తడపండి. అన్నాళ్లూ అటువైపు నుంచి బౌలింగ్ వద్దు, నెట్ ప్రాక్టీసు కూడా.