మావారు సినిమాల్లో ఫైటర్... ఇంట్లో నోరు విప్పరు

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. సినిమాల్లో ఫైటర్. హీరోలకు డూప్‌గా కూడా చేస్తారు. నెల కిందట తాడుకు వేలాడుతూ చేసే రోప్ షాట్‌లో అదుపు తప్పి తల గోడకు కొట్టుకుంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. వారం తిరక్కుండానే మళ్లీ షూటింగ్‌కి వెళ్లిపోయారు. అప్పట్నుంచి మనిషి మారిపోయారు. చిన్న చప్పుడుకే అరుస్తారు, లైటు వేస్తే విసుక్కుంటారు, రాత్రిళ్లు నిద్రపోరు. ఈ పని మానేయమంటే 'నాకొచ్చిన విద్య ఇదొక్కటే' అని లేచి వెళ్లిపోతారు. ఏడేళ్ల మా అబ్బాయేమో నాన్నలా చేస్తానంటూ మంచం మీంచి దూకుతున్నాడు. ఆయనకు నా మీద ప్రేమ పోయిందేమో అనిపిస్తోంది. ఏం చేయను?

సమాధానం: ప్రేమ సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆయన తల సంగతి చూడాలి. చిరాకు, నిద్రలేమి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, ఇవన్నీ ఆ దెబ్బ తర్వాతే మొదలయ్యాయని మీరే రాశారు. తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనైతే వచ్చే కంకషన్ అనే గాయంలో ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. స్కానింగ్ తీసేది ముఖ్యంగా లోపల రక్తం కారిందా, ఎముక విరిగిందా అని చూడటానికి. కంకషన్ సాధారణంగా అందులో కనపడదు. స్పృహ తప్పకపోయినా రావచ్చు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పూర్తిగా మానకముందే తలకు మరో దెబ్బ తగిలితే మాత్రం కోలుకోవడం బాగా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. ఆయనకున్నది అదేనని ఉత్తరం చదివి నేను తేల్చలేను. తేల్చాల్సింది న్యూరాలజిస్ట్. డాక్టర్ చూసి చెప్పేవరకు అరుపులన్నీ మీ మీద కోపమేనని మీరూ తేల్చేయకండి.

ఆస్పత్రికి ఆయనతో పాటు మీరూ వెళ్లండి. ఒక్కరే వెళ్తే 'బాగానే ఉన్నా' అనేసి వచ్చేస్తారు. తలనొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపు నిద్రపోయారు, ఏం మర్చిపోయారు... ఈ వారం రోజులూ రాసి పెట్టుకుని ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టండి. మళ్లీ మళ్లీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మాట తడబడటం, ఫిట్స్, లేపినా లేవనంత మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక 'మానేయండి' అనే మాట. మీ భయం నిజమైనదే. కానీ ఆ మాట ఆయనకు వేరేలా వినిపిస్తుంది. ఫైటర్ పని చాలావరకు ఫోన్ కాల్ మీద నడిచేది. ఒకసారి 'ఒంట్లో బాగాలేదు' అంటే తర్వాతి కాల్ ఇంకొకరికి వెళ్తుందన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. అందుకే తాడు తగిలించడానికి ఒంటికి కట్టుకునే హార్నెస్ పట్టీలు ఒరుసుకుని నడుం దగ్గర కమిలిపోయినా చొక్కా కిందే దాచుకుంటారు. పైగా దెబ్బ తగిలేది వీళ్లకి, తెర మీద ముఖం కనిపించేది ఇంకొకరిది. ఇంత ఓర్చుకున్నాక ఇంట్లోవాళ్లు కూడా ఆ పనిని తీసిపారేస్తే, ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తుంది.

కాబట్టి అడిగేది మార్చండి. 'ఈ పని మానేయండి' బదులు 'తల మానేదాకా తలకు దెబ్బ తగిలే షాట్ ఏదీ వద్దు, ఏ దెబ్బ తగిలినా ఆ రోజే నాకు చెప్పండి' అని అడగండి. ఆయన చెప్పిన రోజు మాత్రం 'నేను ముందే అన్నాను కదా' అనకండి. అన్నారంటే మళ్లీ చెప్పరు. ఇంకో సంగతి, ఫైట్ మాస్టర్‌కి మీరు ఫోన్ చేయొద్దు. మీవారే డాక్టర్ కాగితంతో వెళ్లి మాట్లాడుకోవాలి.

ఇన్సూరెన్స్ కాగితాలు మాత్రం మీరే తీసి చూడండి. మామూలు ప్రమాద బీమా పాలసీల్లో చాలావి ప్రమాదకరమైన వృత్తులకు వర్తించవు. ఫారంలో వృత్తి దాచిపెట్టి ఉంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ప్రాణం పోతేనే డబ్బిచ్చే పాలసీయా, పనికి వెళ్లలేని రోజులకూ ఏమైనా ఇస్తుందా, షూటింగ్‌లో ఎవరి బీమా ఎంతవరకు పనిచేస్తుంది, ఇవి తెలిస్తే మీ భయంలో సగం లెక్కల్లోకి వస్తుంది.

'ఇదొక్కటే వచ్చు' అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. తాళ్లు కట్టడం, బరువు లెక్కగట్టడం, ఎయిర్‌బ్యాగ్ ఎక్కడ వేయాలో చూడటం, ఫైట్ ముందే రిహార్సల్‌గా వీడియో తీసి దర్శకుడికి చూపించడం, కొత్తవాళ్లకు నేర్పడం, ఇవన్నీ దెబ్బలు తిన్న అనుభవంతో వచ్చే పనులే. హాలీవుడ్ హీరో కియాను రీవ్స్‌కి డూప్‌గా చేసిన చాడ్ స్టహెల్స్కీ, బ్రాడ్ పిట్‌కి డూప్‌గా చేసిన డేవిడ్ లీచ్ ఇద్దరూ తర్వాత దర్శకులయ్యారు. అందరికీ అలా జరగదు, అది వేరే సంగతి. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి ఆస్కార్ కూడా ఇస్తామని అకాడమీ ప్రకటించింది. మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరడం ఓడిపోవడం కాదని ఆయనకు అనిపించాలి. ఆ మాట మీకన్నా తోటి సీనియర్ ఎవరైనా చెబితే బాగా ఎక్కుతుంది.

అబ్బాయికి 'నాన్నలా చేయకు' అని చెబితే ఆగడు. ఆయన కాస్త తేరుకున్నాక వాణ్ని కూర్చోబెట్టి మోకాలి ప్యాడ్లు, హార్నెస్ చూపించమనండి. ఒక్కసారి దూకే ముందు ఎంతమంది ఎన్నిసార్లు తాడు లాగి చూస్తారో, పైనుంచి ఎయిర్‌బ్యాగ్ మీదికి పడితే కాళ్ల మీద కాకుండా వీపు పరుచుకునేలా ఎందుకు పడాలో చెప్పమనండి. నాన్న దూకడం ఒక్కటే చూసిన పిల్లాడికి, దాని వెనకున్న జాగ్రత్త కూడా కనపడాలి. ఈలోగా మంచం కిటికీకి దూరంగా జరపండి.

వైద్యం మొదలుపెట్టి కొన్ని వారాలైనా అరుపులు తగ్గకపోతే, లేదా ఎప్పుడైనా చెయ్యెత్తితే, గాయం పేరు చెప్పి మీరు సర్దుకుపోవద్దు. చెయ్యెత్తిన రోజు పిల్లాణ్ని తీసుకుని మీవాళ్ల దగ్గరికి వెళ్లిపోండి, తర్వాత మాట్లాడుకోవచ్చు. అంతదాకా రాకపోతే ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ని కలవండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి. నెల రోజులుగా మీకూ సరైన నిద్ర ఉండి ఉండదు.