రిఫరీ తప్పు చేశాడని రాసేముందు

చిరంజీవికి,

బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ జట్ల మధ్య 2023 మార్చి 3న జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆట వర్ణన చక్కగా ఉంది. రిఫరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తీర్పు ముందొచ్చేసింది, విచారణ ఎక్కడా కనబడలేదు. "రిఫరీ ఘోరంగా విఫలమయ్యాడు" అన్నావు. ఏ పనిలో విఫలమయ్యాడు? జరిగింది చూడలేకపోయాడా? చూసి కూడా తీవ్రతను తక్కువ అంచనా వేశాడా? నిబంధనను తప్పుగా అన్వయించాడా? సరైన నిర్ణయమే తీసుకుని అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాడా? ఇవి నాలుగు వేర్వేరు తప్పులు. ఒక్కోదానికి కారణం వేరు, సాక్ష్యం దొరికే చోటు కూడా వేరు. ఏ రకం తప్పో తేల్చనంతవరకు "తప్పు" అనే మాట కాగితం మీద పెట్టకు.

ఆ ఫ్రీకిక్ సంగతే తీసుకుందాం. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేరళ గోల్‌కీపర్ ఇంకా గోడ (బంతికి అడ్డంగా నిలబడే తన ఆటగాళ్ల వరుస) సర్దుకుంటుండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి బంతిని గోల్‌లోకి పంపాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానంలోంచి బయటికి పిలిచేశాడు. తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) క్రమశిక్షణ సంఘం క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం విధించింది. ఇదంతా నీ వ్యాసంలో ఉంది. లేనిదల్లా ఫ్రీకిక్‌ల గురించిన 13వ నిబంధన. ఫ్రీకిక్ తన్నడానికి ప్రతిసారీ ఈల అక్కర్లేదు. ఫౌల్ జరిగిన చోట బంతి కదలకుండా ఉంటే చాలు, వెంటనే తన్నొచ్చు. ప్రత్యర్థులు 9.15 మీటర్ల దూరం జరిగేదాకా ఆగడం, ఆగకపోవడం తన్నేవాడి ఇష్టం. అతను దూరం కావాలని అడిగినా, రిఫరీ తనంతట తానే గోడను వెనక్కి పంపే పనిలో దిగినా, అక్కణ్నుంచి ఈల వినబడేదాకా ఆగాల్సిందే. కార్డు చూపించాక, గాయానికి ఆట ఆపాక, ఆటగాణ్ని మార్చాక కూడా ఆట ఈలతోనే మొదలవ్వాలి.

అందువల్ల నీకు కావలసిన సాక్ష్యం గోల్ రీప్లేలో దొరకదు. ఫౌల్‌కు ఈల ఊదిన క్షణం నుంచి బంతిని తన్నిన క్షణం దాకా నడిచిన ఆ కొద్ది సెకన్లలో ఉంటుంది. రిఫరీ ఈలను చేత్తో చూపించి "ఇది వినబడ్డాకే" అన్నట్టు సైగ చేశాడా? అడుగులు కొలిచాడా? గోడ నిలబడాల్సిన గీత గీసే స్ప్రే తీశాడా? తన్నబోయేవాడితో ఏదైనా మాట్లాడాడా, మాట్లాడాక ఎటు కదిలాడు? అలాంటి సమయంలో టీవీ కెమెరా సాధారణంగా ఆటగాళ్ల మొహాల మీద ఉంటుంది. మైదానమంతా కనబడే వైడ్ షాట్ సంపాదించు. దొరక్కపోతే "అందుబాటులో ఉన్న దృశ్యాలతో ఇది తేలదు" అని రాసెయ్. పాఠకుడు ఆ మాటను గౌరవిస్తాడు. ఇంకొకటి, జట్టు మైదానం వీడటం సబబా కాదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. నువ్వు రెండిటినీ ఒకే పేరాలో కలిపేశావు. దాంతో కోచ్ కోపమే రిఫరీ తప్పుకు రుజువన్నట్టు తయారైంది.

ఇక చూడలేకపోవడం గురించి. 2010 వరల్డ్ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ స్పెయిన్ ఆటగాడు షాబి అలోన్సో ఛాతీ మీద బూటుతో తన్నాడు. రిఫరీ హోవర్డ్ వెబ్ ఎల్లో కార్డుతో సరిపెట్టాడు. తనకూ ఆ ఘటనకూ మధ్య ఆటగాడు అడ్డుగా ఉన్నాడని, అది రెడ్ కార్డేనని ఆయనే తర్వాత చెప్పాడు. టీవీ ముందు కూర్చున్నవాడికి తేటతెల్లంగా కనబడింది మైదానంలో ఆయనకు కనబడలేదు. కాబట్టి ప్రతి ఘటన దగ్గరా రీప్లే ఆపి, మొదట ఆటగాళ్లను కాదు, రిఫరీని వెతుకు. ఎంత దూరంలో ఉన్నాడు? ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఉన్న ఖాళీ అతనికి కనబడుతోందా, లేక ఒకరి వీపు మాత్రమే కనబడుతోందా? దూరం కన్నా కోణమే ముఖ్యం. పాతిక మీటర్ల దూరంలో పక్కనుంచి చూసేవాడికి, ఐదు మీటర్ల దూరంలో వీపు వెనక నిలబడ్డవాడికన్నా ఎక్కువ తెలుస్తుంది. రిఫరీ సాధారణంగా మైదానంలో మూల నుంచి మూలకు ఏటవాలుగా పరుగెడతాడు. అసిస్టెంట్ రిఫరీలు ఎదురెదురు టచ్‌లైన్ల మీద చెరో సగం చూసుకుంటారు. కాబట్టి ఘటన జరిగిన చోటు అసిస్టెంట్‌కు దగ్గరా, అతను ఏదైనా సాయం చేశాడా అన్నది కూడా రాసుకో. రిఫరీ రాంగ్ యాంగిల్‌లో ఉంటే, అక్కడికెలా వచ్చాడో పది సెకన్లు వెనక్కి తిప్పి చూడు. ఎదురుదాడి వేగాన్ని అందుకోలేకపోతే అది ఫిట్‌నెస్ సమస్య. ఆట ఎటు మళ్లుతుందో ముందే పసిగట్టలేకపోతే అది ఆటను చదవడంలో లోపం. పాస్ దారిలో అడ్డుపడకుండా పక్కకు తప్పుకోబోయి కోణం పోగొట్టుకుంటే, అతణ్ని పెద్దగా తప్పుపట్టలేం.

కార్డుల విషయంలో 12వ నిబంధన మూడు మెట్లు పెట్టింది. అజాగ్రత్తగా చేసిన ఫౌల్‌కు ఫ్రీకిక్ చాలు. ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకుండా చేస్తే ఎల్లో. అవసరాన్ని మించిన బలంతో దెబ్బ తగిలేలా దూకితే రెడ్. ఏ మెట్టు అన్నది ఈ వివరాలు చెబుతాయి: కాలు మోకాలి దగ్గర వంగి ఉందా, కర్రలా బిగుసుకుని ఉందా, బూటు అడుగు తగిలింది పాదానికా, చీలమండకు పైనా, ఎంత వేగంతో, ఎంత దూరం నుంచి వచ్చాడు, ఒక కాలైనా నేల మీద ఉందా, బంతి అందే అవకాశం ఉందా. "ముందు బంతినే తాకాడు కదా" అన్న వాదన నీ వ్యాసంలోనూ ఉంది. బంతిని తాకాక కూడా బిగించిన కాలితో మోకాలి కింద దిగితే అది రెడ్ కార్డే కావచ్చు.

ఇక్కడే స్లో మోషన్ మోసం చేస్తుంది. వేగం తగ్గిస్తే ప్రతి ట్యాకిలూ కావాలని చేసినట్టే కనబడుతుంది, బలం మాత్రం కనబడదు. వీడియో రిఫరీలకు కూడా ఇదే నియమం: తగిలిన చోటు, బంతి గీత దాటిందా, ఫౌల్ పెనాల్టీ ఏరియా లోపలా బయటా వంటివి స్లో మోషన్‌లో చూడొచ్చు. దెబ్బ తీవ్రత మాత్రం మామూలు వేగంలోనే తేల్చాలి. నువ్వూ అలాగే చెయ్. మొదటిసారి కామెంటరీ ఆపేసి మామూలు వేగంలో చూసి, రీప్లే రాకముందే నీ అభిప్రాయం రాసిపెట్టుకో. తర్వాత మారితే, మారిందని పక్కనే రాయి. నీ అభిప్రాయమే ఎన్నిచోట్ల మారిందో ఆ కాగితం చూపిస్తుంది. ఒక్కసారే చూసి నిర్ణయించాల్సిన మనిషి గురించి రాసేటప్పుడు ఆ లెక్క నీ దగ్గర ఉండాలి.

వీఏఆర్ (వీడియో రిఫరీ) ఉన్న మ్యాచ్‌లో ఒక్క ఘటనలో రెండు నిర్ణయాలుంటాయి. రెండిటినీ విడిగా తూచాలి. మైదానంలో ఇచ్చింది సరైనదా అన్నది మొదటి ప్రశ్న. అది జోక్యం చేసుకోవాల్సినంత స్పష్టమైన తప్పా అన్నది రెండోది. మొదటిదానికి "నేనైతే ఇవ్వను" అనుకుంటూనే, రెండోదానికి "జోక్యం అక్కర్లేదు" అనొచ్చు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ముఖ్య ఘటనలను సమీక్షించే ఐదుగురు సభ్యుల ప్యానెల్ 3-2గా చీలిన సందర్భాలున్నాయి. అనుభవజ్ఞులే అలా చీలిన ఘటనను నువ్వు "పచ్చి అన్యాయం" అంటే ఆ మాటకు విలువ పోతుంది. నిజంగా అన్యాయం జరిగిన రోజు వాడుకోవడానికి నీ దగ్గర మాట మిగలదు.

అలాంటి రోజు ఒకటుంది. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. అసిస్టెంట్ ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో డిఫెండర్లకన్నా గోల్‌కు దగ్గరగా ఉండటం) జెండా ఎత్తాడు. వీడియో రిఫరీ గీతలు గీసి చూశాడు, ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే తేల్చాడు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనే భ్రమలో ఉండి "చెక్ పూర్తయింది" అన్నాడు. రిఫరీ దాన్ని ఆఫ్‌సైడ్ ఖాయమైనట్టు అర్థం చేసుకుని ఫ్రీకిక్‌తో ఆట మొదలుపెట్టించాడు. పొరపాటును పక్కనున్న రీప్లే ఆపరేటర్ పట్టుకున్నాడు. అప్పటికే ఆట మొదలైంది, మొదలయ్యాక ఇక వెనక్కి వెళ్లే వీల్లేదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఆ సంభాషణ ఆడియో తర్వాత విడుదలైంది. వినిచూడు. కంటిచూపూ బాగానే ఉంది, నిబంధనా తెలుసు, గీతలూ సరైనవే. మైదానంలో ఇచ్చిన నిర్ణయమేమిటో ఒకరికొకరు పైకి చెప్పుకుని నిర్ధారించుకోలేదు, అంతే. దీన్ని "టెక్నాలజీ వైఫల్యం" అని రాసినవాళ్లు తప్పు చోట వేలు పెట్టారు.

రిఫరీ సరిగ్గా చేసినా లోకం ఒప్పుకోని సందర్భం ఇంకోటి. 2021 నేషన్స్ లీగ్ ఫైనల్లో పాస్ ఇచ్చేసరికి ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నాడు. మధ్యలో స్పెయిన్ డిఫెండర్ ఎరిక్ గార్సియా బంతి కోసం కాలు చాపి తాకాడు. అది డిఫెండర్ కావాలని ఆడిన బంతిగా లెక్క గనక ఆఫ్‌సైడ్ లేదు, గోల్ ఇచ్చారు. అప్పటి నిబంధన ప్రకారం అది సరైన నిర్ణయమే. లోపం నిబంధనలో ఉంది, అందుకే "కావాలని ఆడటం" అంటే ఏమిటో 2022లో ఫుట్‌బాల్ నిబంధనలు రూపొందించే ఐఎఫ్ఏబీ విడమరిచి చెప్పింది. రాసేటప్పుడు ఆ సీజన్ నిబంధనల పుస్తకమే తెరువు. సహచరుడి చేతికి అనుకోకుండా తగిలిన బంతి వెంటనే గోల్‌కు దారితీస్తే 2019 నుంచి 2021 దాకా రద్దు చేసేవారు, ఆ తర్వాత లేదు. గోల్‌కీపర్ బంతి పట్టుకుని కూర్చుంటే 2025-26 సీజన్ నుంచి 8 సెకన్లు దాటగానే కార్నర్ ఇస్తున్నారు. అంతకుముందు 6 సెకన్ల పరిమితి, పరోక్ష ఫ్రీకిక్ ఉండేవి.

మొత్తం మ్యాచ్‌కు మార్కులు వేయడం మరో విద్య. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పరిశీలకులు వాడే పదికి లెక్కలో 8.3, 8.4 అంటే ఆశించిన స్థాయి. మిగతా ఆటంతా బాగా నడిపి, ఒక్క స్పష్టమైన పెద్ద తప్పు చేసిన రిఫరీకి 7.9 పడుతుంది. ఆ పద్ధతి వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది: తప్పును దాచరు, దాని కింద తొంభై నిమిషాల పనినీ పాతిపెట్టరు. మ్యాచ్ ఎంత కష్టమైనదో కూడా విడిగా నమోదు చేస్తారు. నువ్వూ 12వ నిమిషంలో చొక్కా లాగితే ఏం ఇచ్చాడు, 70వ నిమిషంలో అదే పనికి ఏం ఇచ్చాడు అన్నది పోల్చు. నిలకడ అంటే అదే. "ఒక జట్టుకు 14 ఫౌళ్లు, రెండోదానికి 6" అన్న అంకెతో పక్షపాతం రుజువు కాదు. ప్రత్యర్థి సగంలోకి వెళ్లి ఒత్తిడి చేసి ఆడే జట్టు ఎక్కువ ఫౌళ్లు చేస్తుంది. అడ్వాంటేజ్ (ఫౌల్ జరిగినా, దెబ్బతిన్న జట్టుకే లాభమని ఆట ఆపకపోవడం) ఇచ్చిన ప్రతిసారీ తర్వాతి మూడు నాలుగు సెకన్లలో ఏం జరిగిందో రాసుకో. లాభం రాకపోతే వెనక్కి వచ్చి ఫౌల్ ఇచ్చాడా? ఎల్లో బాకీ ఉంటే, ఆట ఆగాక మర్చిపోకుండా చూపించాడా? మంచి రిఫరీకీ మామూలు రిఫరీకీ తేడా నాకు ఎక్కువగా ఇక్కడే కనబడుతుంది, కానీ దీని గురించి రాసేవాళ్లు తక్కువ.

ఈసారి హైదరాబాద్‌లో దక్కన్ అరీనాకో, గచ్చిబౌలికో మ్యాచ్ చూడటానికి వెళ్తే సెంటర్ లైన్‌కు ఎదురుగా, వీలైనంత పై వరుసలో కూర్చో. మొదటి ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి రిఫరీనే చూడు. నోట్‌బుక్‌లో నిమిషం, చోటు, జరిగింది, ఇచ్చిన నిర్ణయం, రిఫరీ దూరం, కోణం, అసిస్టెంట్ సైగ అని ఏడు గడులు గీసుకో. ఆ కాగితం శుభ్రంగా తిరగరాయకుండా, కొట్టివేతలతో సహా నాకు పంపు. బెంగళూరు వ్యాసాన్ని దాని తర్వాత సవరిద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య