సెయింట్స్ మొదటి ఆల్బమ్ గోలగా అనిపిస్తే నాలుగో పాటతో మొదలుపెట్టండి

మీరు అడిగింది: ఆస్ట్రేలియా బ్యాండ్ ద సెయింట్స్ తొలి ఆల్బమ్ 'ఐ యామ్ స్ట్రాండెడ్'ని అందరూ క్లాసిక్ అంటారు, నాకు గిటార్ గోల తప్ప ఏమీ వినబడడం లేదు, ఎలా వినాలి అని.

మొదటిసారి నేనూ మూడో పాట దగ్గరే ఆపేశాను. అప్పుడు బ్రిస్బేన్‌లో చదువుకుంటూ రాత్రిళ్లు ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. అక్కడ నాతో పాటు సరుకు సర్దే ఒక పెద్దాయన, "ఇది ఈ ఊళ్లో పుట్టిన సంగీతం, తప్పకుండా విను" అన్నాడు. నచ్చలేదని చెబితే ఏమీ అనుకోలేదు. "నాలుగో పాటతో మొదలుపెట్టు" అన్నాడు, అంతే.

నాలుగోది 'మెస్సిన్ విత్ ద కిడ్'. దాదాపు ఆరు నిమిషాలు, నెమ్మదిగా సాగుతుంది. మిగతా పాటల్లో గిటార్‌తో పోటీపడి పరిగెత్తే గాయకుడు క్రిస్ బెయిలీ గొంతు ఇక్కడ తీరిగ్గా వినబడుతుంది. ఏదీ పట్టనట్టు, మాటలు సాగదీస్తూ పాడతాడు. లోపల మాత్రం బోలెడంత దిగులు. ఆ గొంతు చెవికి అలవాటయ్యాక వెనక్కి వెళ్లి మొదటి పాట పెట్టుకుంటే, అదే దిగులు ఆ వేగంలోనూ దొరికింది.

ఇక గిటార్ సంగతి. ఎడ్ క్యూపర్ వాయించేదాన్ని రేకుల కప్పు మీద పడే వానలా వినండి. ఒక్కో చినుకూ వెతికితే విసుగొస్తుంది. మొత్తం వానని వింటే అది ఎక్కడ జోరందుకుందో, ఎక్కడ కాస్త తగ్గిందో తెలుస్తుంది. కిమ్ బ్రాడ్‌షా బేస్ గిటార్, ఐవర్ హే డ్రమ్స్ ఆ వాన కింద నుంచి నెమ్మదిగా బయటపడతాయి.

వీళ్ల కథ తెలిస్తే వినడం ఇంకా బాగుంటుంది. 1976లో టైటిల్ పాటని సొంత ఖర్చుతో రికార్డు చేసి, ఫేటల్ అనే సొంత రికార్డు లేబుల్ మీద సెప్టెంబర్‌లో విడుదల చేశారు. లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ తొలి సింగిల్ (విడిగా వచ్చే పాట రికార్డు) రాకముందే! లండన్ సంగీత పత్రిక 'సౌండ్స్' సెయింట్స్ పాటని ఆకాశానికెత్తేసింది. సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని కుర్రాళ్లతో ఈఎంఐ అనే పెద్ద రికార్డు కంపెనీ ఒప్పందం చేసుకున్నది ఆ తర్వాతే. ఆ డిసెంబర్‌లో బ్రిస్బేన్‌లోనే దాదాపు ఆల్బమ్ అంతా రెండు రోజుల్లో రికార్డు చేశారు. 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ తొందర పాటల్లో వినబడుతుంది. నా దృష్టిలో అదే దీని బలం, తీరిగ్గా చేసుంటే ఇంత ప్రాణం ఉండేది కాదు.

అప్పట్లో బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రాన్ని పాలించింది జో బ్యెల్కీ పీటర్సన్. పోలీసుల జులుం ఎక్కువగా ఉన్న రోజులు. వీళ్లని వాయించనిచ్చే చోటు దొరక్క, బ్రిస్బేన్‌లోని పెట్రీ టెరస్‌లో తాము ఉండే ఇంటికే 'క్లబ్ 76' అని పేరుపెట్టి అక్కడే వాయించారు. ఆల్బమ్ అట్ట మీద కనబడే పాడుబడ్డ ఇల్లు కూడా ఆ పెట్రీ టెరస్‌లోదే. నేను ఆ వీధిలో ఎన్నోసార్లు నడిచాను.

వీళ్ల సంగీతానికి వేళ్లైన గరాజ్ రాక్ (1960ల్లో కుర్ర బ్యాండ్లు వాయించిన మొరటు రాక్) వినాలంటే మూడో పాట 'వైల్డ్ అబౌట్ యూ' చూడండి. అది 1960ల్లో సిడ్నీ బ్యాండ్ మిస్సింగ్ లింక్స్ పాడిన పాట.

టైటిల్ పాటలో ఒక అర్ధరాత్రి రైలు ఉంది, అందులో అందరి ముఖాలూ ఒకేలా కనబడతాయి. షిఫ్ట్ అయ్యాక ఖాళీ బస్సులో, ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ ఇంకా తెల్లవారని వేళ, ఆ పాట విని నాకు ఏడుపొచ్చింది. ఇంటికి దూరంగా ఎటూ కాకుండా చిక్కుకుపోయినట్టు ఉండేది నాకు. ఆ మాట ఇంకొకడు అరిచి చెబుతుంటే ఎంత తేలికైందో!

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి: ముందు నాలుగోది, తర్వాత మొదటిది, ఆపైన అంతా వరసగా. చివరి పాట 'నైట్స్ ఇన్ వెనిస్' ఇయర్‌ఫోన్స్‌లో వద్దు. స్పీకర్లలో, వాల్యూమ్ బాగా పెంచి, గది మధ్యలో నిలబడి వినండి.