వాడి నోట వచ్చిన పదకొండు మాటలు

ప్రశ్న: నమస్తే మేడమ్. మా మనవడికి వచ్చే నెల రెండేళ్లు నిండుతాయి. అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. పిల్లవాణ్ని చూసుకోవడానికి నేను తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలైంది. వాడు పలికే మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాను. పదకొండు వచ్చాయి. అమ్మ, నానా, తాత, బువ్వ, 'టా' అంటే బయటికి, 'బూ' అంటే నీళ్లు, ఇలా. 'కా' అంటే కాకి, పావురం, విమానం కూడా. పనమ్మాయి కన్నడం మాట్లాడుతుంది. ఆమెతో 'బేద' అంటాడు. అది తెలుగు కాదు కనుక లెక్కలో వేయలేదు. 'చెప్పులు తీసుకురా' అంటే తెస్తాడు. ఫోనులో పాటలు చూస్తున్నప్పుడు మాత్రం ఎంత పిలిచినా పలకడు. తరచూ జలుబు చేస్తుంది. ఫ్రిజ్ వైపు చూసి 'ఊఁ' అంటే చాలు, పాలు తెచ్చి ఇచ్చేస్తాను, ఏడిపించను. వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదని వియ్యపురాలు అంటారు. వస అరగదీసి నాకించమని ఒకరు, నాలుక కింద తీగ కోయించమని ఒకరు, ఇంట్లో ఒకే భాష మాట్లాడమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?
– ఒక అమ్మమ్మ, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు నోటుపుస్తకం పెట్టి రాసినందుకు ఎంత సంతోషమో చెప్పలేను. ఇరవై తొమ్మిదేళ్లు పిల్లల మాటల చికిత్స చేశాను. 'ఏమేం మాటలు అంటాడు?' అని అడిగితే 'ఏవో కొన్ని అంటాడండీ' అనే జవాబే ఎక్కువగా విన్నాను. ఆ పుస్తకం జాగ్రత్తగా ఉంచండి, పరీక్షకు వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

ముందు అందులో పన్నెండో మాట చేర్చండి. 'బేద' అంటే కన్నడంలో 'బేడ', వద్దు అని. ఎవరితో ఏ మాట అనాలో కూడా వాడికి తెలిసిందన్నమాట. ఏ భాషదైనా మాట మాటే, అన్నీ కలిపే లెక్కపెట్టాలి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. మీరు తెలుగులోనే మాట్లాడండి, ఆ అమ్మాయిని కన్నడంలోనే మాట్లాడనివ్వండి. రాని భాషలో బిడ్డతో ముక్కలు ముక్కలుగా మాట్లాడటం కంటే, నోరారా వచ్చిన భాషలో మాట్లాడటమే మేలు. విమానాన్ని 'కా' అన్నాడని దిగులు వద్దు. ఎగిరేవన్నీ ఒక జాతి అని వాడంతట వాడే తేల్చుకున్నాడు. ఆ వయసు పిల్లలు మామూలుగా చేసే పనే అది.

అయినా పన్నెండు తక్కువే. ఈ మాట మీ దగ్గర దాచను. రెండేళ్లు నిండేసరికి సుమారు యాభై మాటలు, 'అమ్మ రా', 'పాలు కావాలి' లాంటి రెండు మాటల జతలు వినిపించాలని మేం చూస్తాం. కొందరు పిల్లలు ఆలస్యంగా మొదలుపెట్టి తోటివాళ్లను అందుకుంటారు, నిజమే. కానీ అందుకునే బిడ్డ ఎవరో, అందుకోలేని బిడ్డ ఎవరో ఇంట్లో కూర్చుని చెప్పలేం. తండ్రికి మూడేళ్లకు మాటలొచ్చాయన్న కథ వాడి చెవులను పరీక్షించదు కదా!

మొట్టమొదట ఆ చెవులనే చూపించండి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'తరచూ జలుబు'. జలుబు వెంట కర్ణభేరి వెనక నీరు చేరవచ్చు. నొప్పి ఉండకపోవచ్చు, చీము కారకపోవచ్చు. నీళ్లలో మునిగినప్పుడు గట్టుమీది మాటలు వినిపించినట్టు ఉంటుంది ఆ బిడ్డకు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో బాగుందని వచ్చినా, ఆ తర్వాత చేరిన నీటి సంగతి ఆ కాగితానికి తెలియదు. నిలకడగా కూర్చోలేని పిల్లలకూ పరీక్షలున్నాయి. చెవిలో చిన్న బిరడా పెట్టి కర్ణభేరి కదలికను కొద్ది నిమిషాల్లో చూస్తారు. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా అనే పరీక్ష బిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. బాబుకు మూడేళ్లు దాటాయి. 'తలుపు ధడాలున పడితే ఉలిక్కిపడతాడమ్మా, ట్రాక్టరు వస్తే బయటికి పరుగెడతాడు, చెవులు బాగానే ఉన్నాయి' అంది. పరీక్ష చేస్తే బరువైన శబ్దాలు వినబడుతున్నాయి, సన్నటివి వినబడటం లేదు. స, శ లాంటి అక్షరాలు వాడి చెవిదాకా చేరనే లేదు. ఏడాదిన్నర వయసులోనే ఆమెకు అనుమానం వచ్చింది. 'మగపిల్లవాడు కదా, ఆగండి' అని చెప్పి పంపేశారట. వినికిడి యంత్రాలు పెట్టిన రోజు చేతి గాజుల చప్పుడుకు వాడు తల తిప్పితే, ఆ తల్లి నవ్వలేదు, ఏడ్చింది. పోయిన ఏడాదిన్నర కోసం ఏడ్చింది. 'మగపిల్లలకు ఆలస్యం' అన్న మాట వింటే అందుకే నాకు కోపం వస్తుంది.

ఇక ఇంట్లో మీరే చూడదగ్గవి రెండున్నాయి. 'చెప్పులు తీసుకురా' అన్నప్పుడు మీ చెయ్యి అటు చూపిస్తోందా? మీ కళ్లు అటు వెళ్తున్నాయా? ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని, వాడి ముఖమే చూస్తూ అడగండి. అప్పుడూ తెస్తే మాట అర్థమైందని నమ్మవచ్చు. రెండోది, కాకి కనబడితే వేలు పెట్టి చూపించి, మీరు చూశారా లేదా అని వెనక్కి తిరిగి మీ ముఖం చూస్తాడా? నా దృష్టిలో ఆ చూపు పది మాటల పెట్టు. తన మనసులోది ఇంకొకరికి చెప్పాలన్న కోరిక అది. అది లేకపోయినా, ఫోను లేనప్పుడు కూడా పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, వినికిడితో పాటు పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుకూ వెంటనే చూపించండి.

ఇప్పుడు పాల సంగతి. మీ మీద నేరం మోపడం లేదు, నేనూ అమ్మమ్మనే. కానీ ఆ ఇంట్లో వాడికి మాటతో పని పడటం లేదు. 'ఊఁ' అనగానే గ్లాసు వచ్చేస్తోంది. ఇకనుంచి పాలు, నీళ్లు రెండూ పట్టుకుని ఎదురుగా కూర్చోండి. 'పాలా? నీళ్లా?' అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టండి. మనకు ఆ ఐదు అంకెలు యుగంలా ఉంటాయి, వాడికి నోట్లో మాట కూడదీసుకునే వ్యవధి అది. 'పా' అన్నా, వేలు చూపించినా, 'పాలు! ఇవిగో పాలు' అంటూ ఇచ్చేయండి. ఏమీ అనకపోయినా అలాగే ఇవ్వండి. 'పాలు అను, అప్పుడే ఇస్తాను' అని మాత్రం పంతం పట్టవద్దు. ఆకలిమీద ఉన్న బిడ్డకు అది శిక్ష. 'కా' అంటే 'కాకి ఎగిరింది' అనండి. వాడి మాటకు మీరు ఒక్క మాట కలిపితే చాలు. లాల, బువ్వ, జోజో, అప్పచ్చి అని మాట్లాడటానికి సందేహించకండి. పెదవులు కలిస్తే వచ్చేవి, ఒకే అక్షరం రెండుసార్లు పలికేవి పసినోటికి సులువు. తాత, అత్త, అక్క, అవ్వ – మన చుట్టరికాల పిలుపులే చూడండి, పాపాయిలు పలకగలిగేలా ఉన్నాయి.

ఫోను పాటలు ఆపేయండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని భారత శిశువైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. అయినవాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఫరవాలేదంది. అక్కడ అవతలివాళ్లు బిడ్డ మాటకు జవాబిస్తారు, పాట ఇవ్వదు.

వస వద్దమ్మా. 'వసపిట్ట' అన్న ముద్దుమాట మన భాషలో ఉండనివ్వండి, వసకొమ్ము మాత్రం వాడి నాలుక మీదికి రానివ్వకండి. అందులో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంది, పసివాళ్లకు వాంతులు పట్టుకోవచ్చు. నాలుక తీగ వల్ల చంటిబిడ్డకు పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా రాకపోవచ్చు. మాటలే రాకుండా అది ఆపదు. వాడు 'తాత' అంటున్నాడు కదా, నాలుక కొన పైకి లేవనిదే ఆ మాట రాదు.

మీకు మైసూరు దగ్గరే. అక్కడ కేంద్ర ప్రభుత్వపు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మన రాష్ట్రాల్లోని పాఠకులు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర సంస్థలకు వెళ్లవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన సత్వర చికిత్స కేంద్రాల గురించి మీ అంగన్‌వాడీలో అడగవచ్చు. పరీక్ష అయ్యాక ఫలితం నాకు రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. గలగలా మాట్లాడుతుంది కానీ 'రాముడు' అనమంటే 'లాముడు' అంటుంది. రోజూ పదిసార్లు అనిపిస్తున్నాం.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అనిపించడం ఈ రోజే మానేయండి. 'ర' చివరగా కుదిరే అక్షరాల్లో ఒకటి, ఇంకా రెండేళ్లు పట్టినా తప్పులేదు. పాప మాటలు బయటివాళ్లకు చాలావరకు అర్థమవుతున్నాయా లేదా చూడండి. అర్థమవుతుంటే చికిత్స అవసరం లేదు. 'లాముడు వచ్చాడు' అంటే 'అవును, రాముడు వచ్చాడు' అని మీరు పలికి, కథ ముందుకు నడిపించండి.