వసంతంలో అడవిపూల కోసం సైకిల్ మీద: దూరం తగ్గించండి, ఆగే సమయం పెంచండి

సగం రోజులో వెళ్లి వచ్చేలా, మామూలు సైకిల్ మీద అడవిపూలు చూడాలంటే ఎంత దూరం పెట్టుకోవాలి, ఎప్పుడు బయల్దేరాలి, సంచిలో ఏం సర్దుకోవాలి అని అడిగారు. ఏటా వసంతం వస్తే నేను మానకుండా చేసే పని ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు దూరం. మామూలుగా ఎంత తొక్కగలరో దాన్ని బట్టి లెక్క వేయకండి. పూల కోసం వెళ్లినప్పుడు తొక్కే సమయం కంటే దిగి నిలబడే సమయమే ఎక్కువ. చదునైన దారిలో తీరిగ్గా తొక్కినా గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతాం. ఆగుతూ చూస్తూ వెళ్తే అది సగానికి పడిపోతుంది. సగం రోజుకి నేను 20 కిలోమీటర్లకు మించి పెట్టుకోను. దానికి మించితే తిరుగు దారిలో "ఇంకా చాలా దూరం ఉంది" అనే తొందర మొదలవుతుంది. తొందరలో కంటికి పెద్ద పూలు, రంగు పట్టీలు మాత్రమే ఆనుతాయి. గడ్డిలో వేలెడు ఎత్తున పూసేవి, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి, తప్పిపోతాయి. సైకిల్‌తో ఉన్న సౌకర్యమే అది కదా: నడక కంటే ఎక్కువ నేల చూడొచ్చు, అయినా ఎక్కడ కావాలంటే అక్కడ కాలు ఆనించి ఆగొచ్చు. ఆ రెండోదాన్ని దూరం కోసం వదులుకోకండి.

దారి ఎంచుకునేటప్పుడు అందరూ పచ్చగా ఏపుగా ఉన్న చోట్లు వెతుకుతారు. నేను బీద నేల వెతుకుతాను. సారం ఎక్కువగా ఉన్న నేలలో గడ్డి దట్టంగా పెరిగి చిన్న మొక్కలకు వెలుతురు అందనివ్వదు. రాళ్లు తేలిన వాలు, కాలువ గట్టు, పాత క్వారీ అంచు, రైలు కట్ట పక్క బాట, ఎరువు పడని గడ్డి మైదానం, ఇలాంటి చోట్ల రకాలు ఎక్కువ కనిపిస్తాయి. రోడ్డు అంచులు కూడా బాగుంటాయి గానీ అక్కడి గడ్డిని కోసేస్తుంటారు. పోయిన వారం చూసిన పూలు ఈ వారం ఉండకపోవచ్చు. ఆకు రాల్చే చెట్ల అడవి దగ్గర్లో ఉంటే అక్కడికి మాత్రం వసంతం మొదట్లోనే వెళ్లండి. చెట్లకు కొత్త ఆకు కమ్మేలోపు నేల మీద ఎండ పడే ఆ కొద్ది వారాల్లోనే కింది మొక్కలు పూసి ముగించేస్తాయి.

ఎప్పుడు వెళ్లాలన్నది తేదీని బట్టి తేలదు. అమెరికా కీటక శాస్త్రవేత్త ఆండ్రూ హాప్కిన్స్ 1918లో ఒక లెక్క ప్రచురించాడు. ఉత్తర అమెరికా సమశీతోష్ణ ప్రాంతాల్లో ఒక డిగ్రీ అక్షాంశం ఉత్తరానికి పోయినా, 400 అడుగులు పైకి ఎక్కినా చిగురించడం, పూయడం లాంటి వసంతపు పనులు సుమారు 4 రోజులు ఆలస్యమవుతాయని. ఇది అన్ని చోట్లా అచ్చంగా పనిచేసే సూత్రమేమీ కాదు. కానీ దాని వెనకున్న విషయం ప్లాన్ వేసుకోవడానికి ఎంతో పనికొస్తుంది. కింద పూలు అయిపోయాయంటే ఏడాదికి అయిపోయినట్టు కాదు, కాస్త ఎత్తుకు వెళ్తే అవే పూలు ఇప్పుడే విచ్చుకుంటూ ఉండొచ్చు. ఒకే కొండకు కూడా రెండు వైపులా రెండు కాలాలు ఉంటాయి. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం వైపు వాలుకు ఎండ ఎక్కువ, పూలు ముందు. దక్షిణార్ధ గోళంలో ఇది తలకిందులు. అందుకే నేను ప్రతిసారీ కొత్త దారి వెతకను. ఒకటి రెండు చిన్న దారులు పెట్టుకుని వారం పది రోజులకోసారి అవే తొక్కుతాను. ఒకే గట్టు మీద మొదట పసుపు, తర్వాత ఊదా, ఆ తర్వాత తెలుపు వస్తుంటే చూడటంలో ఉన్న ఆనందం కొత్త చోటికి ఒక్కసారి వెళ్తే రాదు. ఎండు ప్రాంతాల్లో మాత్రం క్యాలెండర్ పక్కన పెట్టి వాన సంగతి చూడండి. అక్కడి ఏకవార్షిక (ఒక్క ఏడాదిలోనే మొలిచి, పూసి, ఎండిపోయే) మొక్కల గింజలు తగినంత వాన పడితేనే మొలుస్తాయి. కొన్నేళ్లు అసలు కనిపించకుండా ఉండి, ఒక ఏడాది నేలంతా కప్పేస్తాయి.

రోజులో ఏ పూట అన్నది ఇంకా ముఖ్యం. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1751లోనే పూల గడియారం గురించి రాశాడు. ఏ పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో, ఏ వేళకు ముడుచుకుంటుందో గమనించి పెట్టిన పట్టిక అది. కొన్ని పూలు వాతావరణాన్ని బట్టి వేళ మార్చుకుంటాయని కూడా చెప్పాడు. కాలిఫోర్నియా పాపీ అనే నారింజ రంగు పువ్వు మబ్బు పట్టినా, చీకటి పడినా రేకులు మూసేస్తుంది. పులిచింత పూలూ అంతే. డాండెలియన్ అనే పసుపు పువ్వు ఉదయం విచ్చుకుని చాలాసార్లు మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది. తెల్లారకముందే చేరుకుంటే మొగ్గలే చూస్తారు, సాయంత్రం వెళ్తే ముడిచిన రేకులు చూస్తారు. ఎండ కాస్త ఎక్కాక పూల దగ్గర ఉండేలా బయల్దేరి, మధ్యాహ్నానికి తిరిగి రావడం నాకు సరిపోయిన పద్ధతి. పైగా నేల వేడెక్కే కొద్దీ మధ్యాహ్నం గాలి పెరుగుతుంది, పువ్వు ఊగుతుంటే ఫోటో కుదరదు.

గాలి అన్నాను కాబట్టి ఇంకో మాట. బయల్దేరే ముందు గాలి ఎటు వీస్తుందో చూసుకుని, వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి ఉండేలా దారి తిప్పుకోండి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కష్టం అయిపోవాలి.

ఇక సర్దుకోవడం. వీపు సంచి వద్దు. పువ్వు మీదికి వంగిన ప్రతిసారీ అది మెడ మీదికి జారుతుంది, ఈ పనిలో వంగడమే ఎక్కువ. హ్యాండిల్‌కు చిన్న సంచి ఒకటి, సీటు కింద ఒకటి, లేదంటే క్యారియర్ మీద ఒకటి చాలు. హ్యాండిల్ సంచిలో బరువు పెడితే సైకిల్ తిప్పడం కష్టమవుతుంది. అందులో చీటికీ మాటికీ తీసేవి మాత్రమే ఉంచండి: ఫోను లేదా కెమెరా, 10 రెట్లు పెద్దది చేసి చూపే మడత భూతద్దం, చిన్న నోటు పుస్తకం. కెమెరా కింద మెత్తటి గుడ్డ పరవండి. నీళ్ల సీసా, చొక్కా, పనిముట్లు వెనక్కి. నా సంచిలో ఎప్పుడూ ఉండే రెండు వస్తువులు సైకిల్ పుస్తకాల్లో సాధారణంగా కనిపించవు. ఒకటి, మోకాలి కింద వేసుకోవడానికి అరచేయంత ఫోమ్ ముక్క. వసంతంలో నేల తడిగా ఉంటుంది, మోకాలు తడిస్తే రెండో పువ్వు దగ్గర వంగబుద్ధి కాదు. రెండోది, గట్టి రబ్బరు బ్యాండు. ఆగినప్పుడు బ్రేకు లీవర్‌ను హ్యాండిల్‌తో కలిపి దాంతో బిగిస్తే చెట్టుకు ఆనించిన సైకిల్ జారిపోదు. స్టాండ్ ఉన్న సైకిల్ అయితే మెత్తటి నేలలో స్టాండ్ దిగబడుతుంది, కింద పెట్టడానికి ఒక చదునైన చెక్క ముక్క తీసుకెళ్లండి.

పంక్చర్ సామాను లేకుండా మాత్రం బయల్దేరకండి. పూలు ఉన్న చోట ముళ్లూ ఉంటాయి. మీ చక్రానికి సరిపోయే కొత్త ట్యూబ్, టైరు విప్పే లీవర్లు రెండు, చిన్న పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, ఉప్పుకాగితం ముక్క, ఎలెన్ కీల సెట్టు. చక్రాలు నట్లతో బిగించి ఉంటే దానికి తగిన స్పానర్ కూడా. పంపు మీ వాల్వ్‌కు పడుతుందో లేదో ఇంటి దగ్గరే కొట్టి చూడండి, సన్న వాల్వ్‌కూ లావు వాల్వ్‌కూ మూతి వేరు. దారిలో ప్యాచ్ వేయడం కంటే ట్యూబ్ మార్చేయడం తేలిక. పాతదానికి ఇంటికొచ్చాక తీరిగ్గా ప్యాచ్ వేసుకోవచ్చు. కొత్త ట్యూబ్ ఎక్కించే ముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తుడిచి, ఆ తర్వాత మెల్లగా తడిమి చూడండి. గుచ్చుకున్న ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబ్ కూడా నిమిషాల్లో పోతుంది. ప్యాచ్ వేయాల్సి వస్తే గరుకు పెట్టి, సొల్యూషన్ పల్చగా రాసి, తడి పోయి మెరుపు తగ్గేదాకా కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు అంటించండి. తడి మీద అంటిస్తే పట్టదు. ఈ పని మొత్తం ఇంట్లో ఒకసారి చేసి చూసుకుంటే దారిలో భయం ఉండదు.

బయల్దేరే ముందు గాలి, బ్రేకులు, చెయిన్ చూసుకోండి. గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. మట్టి దారి అయితే ఆ హద్దుల్లోనే కాస్త తక్కువ వైపు ఉంచితే కుదుపు తగ్గుతుంది. గేర్లున్న సైకిల్ అయితే ఆగే ముందే తేలిక గేరుకు మార్చుకోవడం అలవాటు చేసుకోండి. అన్నిసార్లు ఆగి అన్నిసార్లు బయల్దేరాల్సిన చోట మోకాళ్లకు అదే ఉపశమనం.

బట్టల విషయంలో పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకోండి, పైన గాలి ఆపే పల్చని జాకెట్. తొక్కేటప్పుడు చెమట పడుతుంది, పువ్వు ముందు పది నిమిషాలు కదలకుండా ఉంటే చలి పట్టుకుంటుంది. హెల్మెట్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా. గడ్డిలో దిగేటప్పుడు పొడవు మేజోళ్లలోకి ప్యాంటు అంచు దోపుకోండి, ఇంటికొచ్చాక గోమార్లు పట్టాయేమో ఒళ్లంతా చూసుకోండి. నీళ్లు గంటకు అర లీటరు చొప్పున, వేడి ఎక్కువైతే ఇంకా. పుప్పొడి అంటే తుమ్ములొస్తాయని భయపడేవారికి ఒక మాట: ఎక్కువగా తుమ్ములు తెప్పించేది గాలిలో తేలే గడ్డి, చెట్ల పుప్పొడి. రంగురంగుల పూల పుప్పొడి బరువుగా, జిగురుగా ఉండి పురుగులకు అంటుకుని పోతుంది. అయినా ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు మందు దగ్గర పెట్టుకోవాలి, గడ్డి పూసే రోజుల్లో మైదానాలకు దూరంగా ఉండాలి.

పూల దగ్గర ఎలా ఉండాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. బాట దిగి సైకిల్‌ను పూల మధ్యకు తోసుకెళ్లకండి, ఫోటో కోసమైనా సరే. కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ దగ్గరి వాకర్ క్యాన్యన్‌లో 2019లో పాపీలు విరగబూస్తే వచ్చిన జనం తొక్కిడికి పూలు నలిగిపోయాయి, 2023లో ఆ చోటును జనానికి మూసేయాల్సి వచ్చింది. తొక్కిన చోట నేల గట్టిపడుతుంది, తర్వాతి ఏడాది గింజ మొలవడం కష్టం. కోయడం, పెకలించి తెచ్చుకోవడం అసలే వద్దు. ఏకవార్షిక మొక్కకు ఈ పువ్వే వచ్చే ఏటి గింజ. నేలలో పెరిగే ఆర్కిడ్ల సంగతి మరీ సున్నితం: ధూళంత గింజలు, వాటికి సరిపడే శిలీంధ్రం నేలలో ఉంటేనే మొలుస్తాయి. తెచ్చి నాటినా చాలావరకు బతకవు. టైర్ల మట్టిలో కలుపు గింజలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతాయి, అందుకే ఒక చోటు నుంచి వచ్చాక, ఇంకో చోటికి పోయే ముందు బ్రష్‌తో దులిపేయండి. వాన పడి మెత్తబడిన మట్టి బాట మీద ఆ రోజు తొక్కకండి. టైరు చాళ్లు పడి నీళ్లు నిలుస్తాయి.

పేరు తెలుసుకోవాలనుకుంటే ఒక్క అందమైన ఫోటో చాలదు. పువ్వు ఎదురుగా, పక్కనుంచి రక్షక పత్రాలు కనిపించేలా, ఆకులు కాడకు ఎలా అతికాయో, మొక్క మొత్తం, ఇవన్నీ తీయండి. పసుపు పూలు అన్నీ ఒకేలా అనిపిస్తాయి, తేడా చాలాసార్లు వెనక వైపే ఉంటుంది. భూతద్దంతో డాండెలియన్‌ను చూడండి: ఒకే పువ్వు అనుకున్నది నిండా చిన్న పూలు కూర్చిన గుత్తి అని తెలుస్తుంది. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఫోటోలు పెడితే గుర్తుపట్టడానికి అక్కడి సభ్యులు సాయపడతారు. ముప్పులో ఉన్న జాతుల చోటును అది దానంతటదే మసకబరుస్తుంది. మీరు వేరే చోట పంచుకునేటప్పుడు మాత్రం అరుదైన మొక్క ఉన్న చోటు కచ్చితంగా చెప్పకండి.

తోడు విషయానికొస్తే ఇద్దరు ముగ్గురు మించకపోతే మంచిది, అందరూ పూల కోసమే వచ్చినవాళ్లయితే ఇంకా మంచిది. వేగంగా తొక్కాలనుకునే స్నేహితుడు వస్తానంటే, ప్రతి అర కిలోమీటరుకూ ఆగుతామని ముందే చెప్పండి. ఒక్కరే వెళ్తుంటే ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి, ఫోను పూర్తిగా ఛార్జ్ చేసుకుని వెళ్లండి. వెనక లైటు కూడా పెట్టుకోండి, పూల దగ్గర ఆలస్యం అవుతూనే ఉంటుంది.